వాకిట్లో చూడాల్సిన ఆకుపచ్చ

అశోక్ చౌక్ దగ్గర తిరిగి రెండు సందులు లోపలికి వచ్చామంటే పక్కవాడి మాట వినపడదు. రెండు వైపులా రేకుల షెడ్లు, తీసి ఉన్న తలుపులు, లోపల మసక వెలుతురులో మరమగ్గాలు. నాడె ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టుకున్న ప్రతిసారీ కాళ్ల కింద బండ అదురుతుంది. బోర్డులు మరాఠీలో ఉన్నాయి, వాటి మీది ఇంటిపేర్లు మాత్రం మనవే. తరాల కిందట తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల పేట ఇది. సోలాపూర్ తూర్పు భాగమంతా ఇట్లాగే ఉంటుంది. ఇప్పుడు శ్రావణం. రాఖీ పున్నమికి మార్కండేయ రథం కదలాలి, జంధ్యాలు మార్చుకోవాలి, ఆ రోజు మగ్గాలు బంద్. అంతకుముందే చద్దర్ల ఆర్డర్లు తెగాలని అందరికీ తొందర.

సందు చివర రంగు కార్ఖానా. గుమ్మంలోనే ఆవిరి మొహానికి కొడుతుంది. గచ్చు మీద రంగునీళ్లు పారుతున్నాయి, అడుగు చూసి వేయాలి. మాస్టర్ ఎడమ చేతిలో పాత నూలు చిలప, కుడి చేతిలో ఇవాళ దించింది. రెండూ ఆకుపచ్చే. ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఒకే చిలపను చీల్చి రెండు చేతుల్లో పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. ఆయన అక్కడ చూడనే చూడడు. రెండూ పట్టుకుని వాకిట్లోకి నడుస్తాడు. మబ్బు పట్టిన పగటి వెలుతురులో కొత్త చిలప కొద్దిగా పసుపు తిరిగి కనిపిస్తుంది.

"లోపల సరిగ్గానే ఉంది కదా మాస్టర్?"

"లోపల సరిగనే ఉంటది. ముంబైల దుకాణం లైటు వేరే ఉంటది. ఆడ విప్పి చూస్తే మాల్ వాపస్."

కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలే. లోపలికి వచ్చిన కాంతి ఎంత చిక్కుగా ఉన్నా, మూడు లెక్కలు కట్టి మెదడుకు పంపడమే వాటి పని. రెండు వేర్వేరు రంగుద్రవ్యాలు ఒక దీపం కింద అవే మూడు లెక్కలు ఇవ్వవచ్చు. దీపం మారితే గుట్టు బయటపడుతుంది. పెద్ద డైయింగ్ యూనిట్లలో ఈ బాధకు మందుగా స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పెట్టె ఉంటుంది. గుడ్డముక్కను దాని మూతికి ఆనిస్తే కాంతి అలల పొడవు 400 నానోమీటర్ల నుంచి 700 దాకా పదేసి నానోమీటర్లకు ఒకటి చొప్పున 31 అంకెలు ఇస్తుంది. మూడు లెక్కల్లో కలిసిపోయిన రెండు ఆకుపచ్చలు 31 లెక్కల్లో దొరికిపోతాయి.

మొక్కల శాస్త్రవేత్తలు హైపర్‌స్పెక్ట్రల్ ఇమేజింగ్ అంటూ చెప్పేదంతా ఈ వాకిట్లో నిలబడితే సగం అర్థమవుతుందని నా నమ్మకం. పోషకం అందక పాలిపోయిన ఆకు, ముదిరి పాలిపోయిన ఆకు, నీళ్లెక్కువై పాలిపోయిన ఆకు ఫోన్ కెమెరాలో ఒకే పసుపుగా పడవచ్చు. ఎందుకంటే ఫోన్ కూడా కన్నులాగే ప్రతి చుక్కకూ మూడు లెక్కలతో సరిపెట్టుకుంటుంది. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ప్రతి చుక్కకూ రెండు మూడు వందల లెక్కలు రాస్తుంది, అదీ కంటికి అందే 700 దగ్గర ఆగకుండా. సిలికాన్ సెన్సర్ ఉన్నది 1000 నానోమీటర్ల దాకా పోతుంది, ఇంకా ఖరీదైన సెన్సర్లు 2500 దాకా. డైయింగ్ యూనిట్‌లోని పెట్టె గుడ్డ మీద ఒక చోటు సగటు చెబితే, ఇది ఆకు మీద ఈనె పక్కన ఏముంది, అంచున ఏముంది అని విడివిడిగా చెబుతుంది.

ఈ సందులో అలాంటి కెమెరా లేదు. ఢిల్లీ పూసాలో, భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఆవరణలో ఉంది. అక్కడి నానాజీ దేశ్‌ముఖ్ ప్లాంట్ ఫినోమిక్స్ సెంటర్ 2017 అక్టోబరులో మొదలైంది. కుండీల్లోని మొక్కలు వాటంతటవే కదిలి కెమెరా గదుల ముందుకు వస్తాయి. మనకు ఇంకా దగ్గరగా, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో లేజర్ స్కానర్లు మొక్కల మీదుగా తిరిగి ఆకుల విస్తీర్ణం కొలుస్తాయి, ఏ మొక్క నీటిని ఎట్లా పొదుపు చేస్తుందో పట్టుకోవడానికి. అంత హంగు మనకెందుకు. కార్ఖానా పక్క షెడ్డులో ఒక మగ్గం తీసేసిన చోటు ఖాళీగా ఉందనుకుందాం. కెమెరాను కాసేపు అక్కడికి తెచ్చుకుందాం.

నల్లగుడ్డ కట్టి వెలుతురు ఆపాలి. బల్ల మీద నల్లటి పళ్లెం, అది మోటారు మీద నెమ్మదిగా జరుగుతుంది. పైన రెండు వైపుల నుంచి హాలోజన్ దీపాలు వాలి ఉంటాయి. వీటి బదులు మామూలు ఎల్‌ఈడీ పెడితే కుదరదు, కంటికి కనపడని వేడి కాంతి దాని దగ్గర ఉండదు. కెమెరా కన్నంటే ఒక సన్నటి చీలిక. ఆ చీలిక కింద పడిన గీతనే చూస్తుంది, దాన్ని రంగులుగా విడదీసి దాచుకుంటుంది, పళ్లెం వెంట్రుకవాసి జరిగాక తర్వాతి గీత. పక్క షెడ్డులో పేక పోగు తర్వాత పోగు పడి చద్దరు తయారైనట్టే ఇక్కడ బొమ్మ తయారవుతుంది.

పక్క షెడ్డే ఇక్కడ శత్రువు కూడా. మగ్గం అదురు బండలోంచి బల్లలోకి, బల్లలోంచి పళ్లెంలోకి వస్తుంది. గీతలు ఒకదాని పక్కన ఒకటి కుదురుగా పడవు, ఆకు అంచు రంపంపళ్లుగా వస్తుంది. ఇంకోటి, గాలిలో ఎగిరే నూలు పీచు. స్కాన్‌కు ముందు దాదాపు మొత్తం కాంతినీ తిప్పికొట్టే తెల్లటి పలకను కెమెరాకు చూపాలి, కాంతి ఎంత వచ్చిందో లెక్క కట్టేది దాంతోనే. దాని మీద రంగు పీచు వాలిందంటే కొలబద్దే తప్పుతుంది, ఆ తర్వాత కొలిచిన ప్రతి ఆకూ ఉన్నదానికంటే కాస్త మెరుస్తూ కనిపిస్తుంది. వోల్టేజీ ఊగితే దీపం రంగు మారుతుంది, పలకను మళ్లీ చూపాలి. మూత వేసి చీకటి కొలత ఒకటి తీసుకోవాలి, కాంతి లేకున్నా సెన్సర్ చూపే అంకె ఎంతో తెలియడానికి. ఇన్ని చేసినా హాలోజన్ వేడికి పళ్లెంలో ఆకు వాడడం మొదలవుతుంది. నీళ్లు కొలవబోయి నీళ్లు ఎండగొట్టడమన్న మాట. అందుకే చేతి చురుకు కావాలి, ఆలస్యం పనికిరాదు.

మాస్టర్ బామ్మర్ది మోహోళ్ దగ్గర దానిమ్మ తోట చూసుకుంటాడు. ప్లాస్టిక్ సంచిలో రెమ్మలు తెచ్చాడు. మీరే ఒక ఆకు తీసి వాకిట్లోకి పట్టి చూడండి. చిన్న ఆకు, నున్నగా. మధ్య ఈనెకు కుడి పక్కన ఆవగింజంత మచ్చ, నూనె చుక్క పడి కాగితం ఇటూ అటూ కనపడ్డట్టు. ఇక్కడి రైతులు తేల్యా అంటారు, గ్జాంథోమోనాస్ బాక్టీరియా తెచ్చే మచ్చ తెగులు. కాయ మీదికి ఎక్కితే నల్లబడి పగులుతుంది, బజారులో ఎవడూ ముట్టుకోడు. అనంతపురం రైతులకూ దీని దెబ్బ తెలుసు, అక్కడ తోటలు పీకేసుకున్నవాళ్లున్నారు. సోలాపూర్‌కు పుణె రోడ్డున కేగావ్‌లో 2005లో మొదలైన జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రానికి ఇది మొదటి నుంచీ పెద్ద తలనొప్పి.

ఆకును పళ్లెంలో పరిచి అంచులు నొక్కిపెట్టి నడిపిద్దాం. తెర మీద ఒక చుక్కను తాకితే, అక్కడ ఏ రంగు కాంతి ఎంత వెనక్కి వచ్చిందో చూపే గీత ఒకటి లేస్తుంది. మొదట మచ్చ లేని చోటు తాకుదాం. ఎడమ కొసన, నీలం దగ్గర, గీత నేలను పాకుతుంది. పత్రహరితం ఆ కాంతిని మింగేసింది. 550 దగ్గర చిన్న గుబ్బ, మన కంటికి ఆకు పచ్చగా కనపడేది ఆ గుబ్బ వల్లే. మళ్లీ 670 దగ్గర కింద పడుతుంది, ఎర్రకాంతీ ఆకుకు ఆహారమే. ఆ తర్వాత 700 చుట్టుపక్కల గీత గోడెక్కినట్టు నిటారుగా లేస్తుంది. కంటికి చీకటి మొదలయ్యే చోట ఆకు నిజంగా వెలగడం మొదలవుతుంది. పత్రహరితం తగ్గేకొద్దీ ఈ గోడ నీలం వైపుకు జరుగుతుంది. ఆ జరుగుడు కొన్ని నానోమీటర్లే, ఆకును చూస్తే ఇంకా పచ్చగానే ఉన్నట్టుంటుంది.

గోడ ఎక్కాక 1300 దాకా మిట్ట. అక్కడ రంగుద్రవ్యాలకు పనిలేదు, ఆకు లోపలి కట్టడానిదే రాజ్యం. కణం గోడ, పక్కన గాలి, మళ్లీ గోడ, మళ్లీ గాలి. కాంతి ఒక్కో హద్దు దగ్గరా చెదిరి సగం దాకా వెనక్కి వస్తుంది. ఇప్పుడు మచ్చ మీద చుక్కను తాకండి. మిట్ట కిందికి దిగింది. బాక్టీరియా చేరిన చోట కణాల మధ్య గాలి ఉండాల్సిన ఖాళీల్లో నీళ్లు నిండాయి. గాలి లేకపోతే కాంతి చెదరదు, వెనక్కి రాకుండా అటువైపుకు జారిపోతుంది. మచ్చ నూనె అంటినట్టు కనపడడానికి కారణమూ అదే. రైతు వేలితో చూపించేదీ గీత చూపించేదీ ఒక్కటే భౌతిక సంగతి.

అయితే గీత ఇంకో అడుగు వేయగలదు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంలో ఆన్-కాట్రిన్ మాలైన్ బృందం చక్కెర బీటు ఆకుల మీద మూడు తెగుళ్లను, ఆకుమచ్చ, బూడిద తెగులు, తుప్పు తెగులు, ఇట్లా దగ్గర నుంచి చూసి 2012లో ప్రచురించింది. ఒక్కో తెగులుకు ఒక్కో రకం గీత, రోజులు గడిచేకొద్దీ అది మారే వరసా వేరే. మచ్చ నడిమి నుంచి అంచుకు పోతుంటే గీత మారుతూ పోతుంది. ఆకు మొత్తానికి ఒక సగటు తీసే పరికరానికి ఇది ఎప్పటికీ దొరకదు.

ఆకు కాస్త వంపు తిరిగి ఉంటే మాత్రం చిక్కు. వంపు మీద దీపం మెరుపు, వంపు కింద నీడ. ఆ రెండు చోట్లా ఆకు ఒకటే అయినా గీతలు వేరవుతాయి. గీతను సగటుకు తెచ్చి సరిచేసే లెక్కలున్నాయి, వాలు లెక్కలున్నాయి, మెరుపు ఎక్కువైతే ఏ లెక్కా ఆదుకోదు. పొలంలో గాలికి ఊగే ఆకు సంగతి ఇంక చెప్పేదేముంది. జొన్న మీద పనిచేసేవాళ్లు ఈ కష్టం బాగా ఎరుగుదురు. సోలాపూర్‌లో యాసంగి జొన్నకే ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రం ఉంది. ఈ జిల్లా మోహోళ్‌లోనే ఎంచి తీసిన మాల్‌దండి 35-1 ఇప్పటికీ ఇక్కడి కంచంలో రొట్టె. గింజ నిండే దాకా ఆకు పచ్చగా నిలిచే జొన్న కావాలంటే, వందల వరసల్లో ఏది ఎన్నాళ్లు పచ్చగా నిలిచిందో మనిషి నడిచి కంటితో మార్కులు వేయాలి. పొద్దున వేసిన మార్కు, మిట్టమధ్యాహ్నం అలిసి వేసిన మార్కు ఒకటి కావు. అక్కడ కెమెరాకు నిజమైన పని ఉంది.

నల్లగుడ్డ తీసి బయటికి రండి. సందుకు అవతలి వరసలో ఇళ్లు. మగవాళ్లు మగ్గాల మీద ఉంటే ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు, ఈ పేటలో పాతకాలం నుంచీ అదే లెక్క. కొందరు కుంభారి దగ్గరి కాలనీకి వెళ్లిపోయారు, బీడీ కార్మికురాళ్ల కోసం కట్టి 2006లో ఇచ్చిన 10,000 ఇళ్ల గోదూతాయి పరులేకర్ కాలనీకి. ఈ అవ్వ మాత్రం వెళ్లలేదు. గడప దగ్గర గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గోనెలో చుట్టిన తునికాకు.

"చూస్తవా బిడ్డా, చూడు."

గోనె విప్పుతుంది. తడి ఆకు వాసన, అడవిలో వాన పడ్డ మర్నాటి వాసన. ఆకు తీస్తుంది, బొటనవేలితో ఒక్కసారి కింది నుంచి పైకి రాస్తుంది, రేకు కొలత పెట్టి కత్తెర తిప్పుతుంది. లావు ఈనె గీకి పారేస్తుంది. రెండో ఆకు రాస్తుంది, పక్కన పడేస్తుంది. మూడోది కత్తెరకు. ఆ పారేసినది మీరు తీసి చూడండి. రంగు అదే, సైజు అదే. వంచితే ఈనె దగ్గర టప్పుమని విరుగుతుంది.

"పచ్చగున్నదా ఎర్రగున్నదా అని సూస్తమా బిడ్డా, వంగుతదా ఇరుగుతదా అని సూస్తం."

ఆకు మందం, నీటిశాతం, ఈనెల బిరుసు, పురుగు కొట్టిన చోటు. శాస్త్రవేత్త పట్టికలో ఉండే లక్షణాలే ఇవి. బొటనవేలు ఒక్క రాపుతో నాలుగింటినీ కలిపి ఒక తీర్పు ఇస్తోంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. తీర్పుకు వేరే కూలి లేదు.

కెమెరా ఈ తీర్పు ఇవ్వగలదా? గీతలో మన పని 1300 దగ్గర ఆపాం, మిగతాది ఇక్కడ పనికొస్తుంది. 1450 దగ్గర ఒక లోయ, 1940 దగ్గర అంతకంటే లోతైన లోయ, రెండూ నీళ్లు తవ్వినవే. 970, 1200 దగ్గర చిన్న గుంటలూ నీటివే. ఇక 2100, 2300 ప్రాంతాల్లో సెల్యులోజ్, లిగ్నిన్ అనే పీచు పదార్థాల గుర్తులుంటాయి, ఆకు బిరుసుదనం తెలిసేది అక్కడ. ఫ్రాన్స్‌లో స్తెఫాన్ జాక్‌మూ, ఫ్రెడెరిక్ బారే 1990లో ప్రాస్పెక్ట్ అనే లెక్క కట్టారు. ఆకును ఒకదాని మీద ఒకటి పేర్చిన పలుచటి పొరలుగా భావించి, పత్రహరితం ఇంత, నీళ్లు ఇంత ఉంటే గీత ఎట్లా వస్తుందో చెప్పేది. ఆకు ఎండుపదార్థం తర్వాతి రూపాల్లో చేరింది. దాన్ని తిరగేస్తే గీత నుంచి మందం దాకా పోవచ్చు.

లెక్క ఎంత బాగున్నా దాన్ని ఎవరో ఒకరు సరిచూడాలి. స్కాన్ అయిన ఆకు నుంచి బిళ్ల కోసి తూచాలి, ఓవెన్‌లో బరువు ఇక తగ్గదనే దాకా ఎండబెట్టాలి, మళ్లీ తూచాలి. ఇంకో బిళ్లను అసిటోన్‌లో నానబెట్టి పత్రహరితం తీయాలి. ఇట్లా వందల ఆకులు పాడుచేస్తే గానీ, ఆకును ముట్టకుండానే కొలుస్తామన్న మాట నిజం కాదు. అంత చేసినా ఒక తోటలో నేర్చిన లెక్క ఇంకో తోటలో, ఇంకో రకం మీద దారి తప్పుతుంది. పరిశోధన పత్రాల్లో ఈ సంగతి చివరి పేరాల్లో చిన్నగా ఉంటుంది. నన్నడిగితే మొదటి పేరాలో ఉండాలి.

బరువు సంగతీ చూడండి. వెయ్యి చుక్కల వెడల్పు, వెయ్యి గీతల పొడవు, 200 రంగులు, ఒక్కో అంకెకు రెండు బైట్లు. ఒక్క బొమ్మ 400 మెగాబైట్లు. మోహోళ్ రైతుకు అది అక్కర్లేదు. ఆ 200లో అసలు సంగతి చెప్పే నాలుగైదు రంగులు ఏవో పరిశోధన కేంద్రంలోని పెద్ద కెమెరా తేల్చాలి. తర్వాత ఆ నాలుగైదు రంగులనే చూసే చవక పరికరం జేబులోకి రావాలి. పెద్ద కెమెరా అసలు ఉపయోగం నాకు అక్కడే కనిపిస్తుంది.

అవ్వ ఆకు విషయంలో ఇంకో మెలిక ఉంది. పచ్చి ఆకులో నీళ్లు ఆ కొసనంతా కప్పేసి పీచు గుర్తులను కనపడనివ్వవు. ఎండిన ఆకులో అవి తేటగా బయటపడతాయి. తునికాకు అడవిలో కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి వస్తుంది. కెమెరాకు ఇంతకంటే అనువైన ఆకు దొరకదు. కానీ అవ్వ చేతికి వచ్చిన రోజు రాత్రే తడిసిపోతుంది, ఆ తడి ఆకు మీద మందం కొలవబోతే నీటి లోయలే కనపడతాయి. కాబట్టి ఆకును చూడాల్సింది తడవకముందు, బీడీ కార్ఖానా గుమ్మంలో తూకం వేసి పంచే పొద్దున. ఆ వేళకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ఇచ్చిన ఆకులో నాసిది ఎక్కువైతే వెయ్యి బీడీలు తేలవు. తక్కువ పడిన ఆకు కార్మికురాలే కొనుక్కోవాలి, లేదా కూలి కోత. బీడీ పని జరిగే ప్రతి ఊళ్లోనూ ఉన్న తగువే ఇది. ఆకులో ఎంత శాతం బిరుసో తూకం దగ్గరే ఒక అంకె కనపడితే, ఆ తగువులో ఆమె పక్షాన మొదటిసారి ఒక కాగితం ఉంటుంది.

ఇదంతా అవ్వకు చెప్పాం. కత్తెర ఆపకుండానే విన్నది. దారం పళ్లతో తెంపి, కట్టను చాట అంచున పెట్టి అంది:

"అట్లయితే ఆ డబ్బ నా ఇంటికెందుకు తెచ్చినవ్ బిడ్డా, పొయ్యి కార్ఖానాల పెట్టు. ముందుగాల వాళ్లు పెట్టనిస్తరా అడుగు."